నడిమి గుంజ

అమ్రాబాద్ అడవి అంచుకు ఫారెస్టు రేంజి ఆఫీసు. ఆఫీసరమ్మ మంజులత బల్ల ముందట గోపమ్మ నిలబడ్డది. ఆమె పెనిమిటి గుర్వయ్య బయట మెట్ల మీదనే కూసున్నడు, లోపలికి రమ్మంటే రాలే.

"కూసో గోపమ్మా. ఎంతసేపని నిలబడతవు?"

"కూసుంటే పని అయితదా మేడం? ఇది ఏడోసారి వచ్చుడు. పహాణీ తెమ్మన్నరు, తెచ్చిన. ఊరి తీర్మానం తెమ్మన్నరు, తెచ్చిన. పాత కొట్టం ఫోటో తెమ్మంటే మా బిడ్డ పూజ సెల్లుల ఉన్నది తీయించుకొచ్చిన. ఇంకేం తేవాలె?"

"కాగితాలన్నీ ఉన్నయి. కాగితాల లోటు లేదు."

"మరి?"

"చెప్త. ముందుగాల జర కూసో."

"నేనేమన్న మేడ కడత అంటున్ననా? గింజల కొట్టం. గదే జాగ, గంతే పొడుగు, గంతే ఎడల్పు. వానకు పడ్డది, మళ్ల నిలబెట్టుకుంట అంటున్న, గంతే గదా! పీకిన పల్లికాయ కుప్ప పరదా కిందనే ఉన్నది. పొద్దుగాల పరదా ఎత్తితే గుప్పున ఆవిరి కొడుతున్నది మేడం. పిడికెడు పట్టుకుంటే చెయ్యంత బూజు. యాసంగికి ఇత్తనం గదే. గది మురిగితే మేం ఏం ఎయ్యాలె, ఏం తినాలె?"

"ఇంట్ల పెట్టుకోరాదూ?"

"ఉన్నది ఒక్క అర్ర. సగం దాక మక్కలే. మేం పొయ్యి కాడ పంటున్నం. బయట పెడితే పందులు. కుప్ప కాడ కావలుంటే మొన్న ఎలుగుబంటి మంచం పక్కకే వచ్చింది. మా ఆయన కదలక మెదలక పన్నడు, బతికిండు."

"విన్న. నరేశ్ చెప్పిండు."

"ఏ నరేశ్?"

"మా బీటు ఆఫీసరు. పోయిన వారం మీ జాగ చూసిపోలే?"

"ఆఁ, వచ్చిండు. టేపు పెట్టి కొలిచిండు. చాయ తాగుమంటే వద్దన్నడు."

"ఆయన రాసిన రిపోర్టుతోనే ఆగింది."

"ఏం రాసిండు?"

"చూడు గోపమ్మా, ఇది పులులుండే అడవి. కొత్తగ ఒక్క రాయి పెట్టనియ్యరు. పాతది దానంతల అది పడిపోతే, ఆ జాగల మళ్ల కట్టుకోనిస్తం. మనుషులే కూలగొట్టి కడతమంటే అది కొత్త దాని కింద లెక్క. అప్పుడు నేను సంతకం పెట్టరాదు."

"కూలగొట్టుడేంది? వానకు పడ్డది!"

"కొట్టం నడిమి గుంజ రంపంతోని కోసి ఉన్నదని రాసిండు."

"అబద్ధం."

"ఫోటో గూడ పెట్టిండు. ఇగో, చూడు."

"నేను చూడ. చెదలు వట్టిన గుంజ గట్లనే ఇరుగుతది."

"చెదలు గింత నున్నగ కోస్తదా?"

"అబద్ధమంటున్న గదా! నాటుకోడి అడిగిండు, ఇయ్యలే. పగవట్టి రాసిండు."

"ఎవరు, నరేశా? నిరుడు మీ బిడ్డను పాము కరిచిన నాడు దవాఖానకు బండి మీద తోల్కపోయింది నరేశ్ కాదూ?"

"తోల్కపోయిండు."

"మరి?"

"తోల్కపోతే ఏమాయె? బతికిందా?"

"గోపమ్మా..."

"మేడం, మీ కాళ్లు మొక్కుత. మళ్ల మొగులు పట్టింది. ఇయ్యాల కాకుంటే కుప్పంత పెంటల పోసుడే. ఏదన్న ఒక్క దారి చెప్పుండ్రి."

"లే, ముందు పైకి లే. గట్ల చెయ్యకు. దారి అంటే... ఒక్కటే ఉన్నది. రిపోర్టు తప్పని మీ ఇద్దరు రాసియ్యాలె. దానంతల అదే పడ్డది, మేం కొయ్యలేదు అని. నేను పైకి పంపుత. కాని నరేశ్ మీద విచారణ అయితది. కొత్త నౌకరి. పోయినా పోతది."

"రాసిస్త. సంతకం ఏడ పెట్టాలె?"

"జర ఆలోచన చెయ్యి."

"చేసిన. ఏడ పెట్టాలె?"

"మీ ఆయనను పిలువు."

"ఇగో! లోపలికి రా. ఇగో, నిన్నే!"

మంజులత కాగితం రాసేసరికి గుర్వయ్య వచ్చి గుమ్మంలనే నిలబడ్డడు.

"ఏమాయె?"

"ఏం కాలే. నువ్వు ఏం అడగకు. గీడ సంతకం పెట్టు, పోదం."

"గిండ్ల ఏం రాసి ఉన్నది మేడం?"

"కొట్టం దానంతల అదే పడ్డదని. కోడి ఇయ్యలేదని నరేశ్ పగతోని తప్పు రాసిండని."

"కోడా? ఆ పిలగాడు మా ఇంట్ల మంచినీళ్లు గూడ అడుగడు."

"నువ్వు ఊకో. పెట్టు."

"ఆ నాడు బండి మీద బిడ్డ తలకాయ నా భుజం మీదనే ఉండె మేడం. వాడు బండి నడుపుతుండె. ఘాటు రోడ్డు దిగంగనే పానం పోయిందని నాకు ఎరుకైంది. వానికి చెప్పలే. దవాఖాన దాక గట్లనే తోలిండు, హారన్ కొట్టుకుంట, 'పూజా, నిద్రపోకు, పూజా, నిద్రపోకు' అనుకుంట."

"ఇప్పుడు గా ముచ్చట ఎందుకు? పెట్టు. ఇత్తనం మురుగుతున్నది."

"వాని నౌకరి పోతదే."

"పోనీ! వానికి ఇంకోటి దొరుకుతది. మనకేం దొరుకుతది? పెట్టు అంటున్న, పెట్టు!"

"పెట్ట."

"నీకు దండం పెడుత..."

"మేడం, గుంజ కోసింది నేనే."

"గుర్వయ్యా, ఏం మాట్లాడుతున్నవో ఎరుకేనా?"

"ఎరుకే. ఈమె అంగడికి పోయిన నాడు కోసిన. పాము కరిచింది ఆ కొట్టంలనే. పల్లికాయ సంచి తెమ్మని బిడ్డను పంపింది నేనే. ఏడాది సంది రోజు ఆ తలుపు తీసుడు, ఆ మూలకు చూసుడు, నాతోని కాలే మేడం. నా వశం కాలే. వాన పడుతుండె. గుంజ సగం కొయ్యంగనే కప్పు దానంతల అదే కూసున్నది. వానకు పడ్డదని ఈమెకు చెప్పిన. రెండు నెల్ల సంది గదే మాట. పాపం, గది నమ్మి ఏడుసార్లు తిరిగింది. ఈమెకు ఏం ఎరుకలేదు. ఏం శిక్షేసినా నాకెయ్యిండ్రి."

"ఇది విన్నంక నేను పర్మిషన్ ఇయ్యలేను. ఇగ ఎవ్వరూ ఇయ్యలేరు."

"ఇయ్యకుండ్రి."

"గోపమ్మా, నువ్వన్న ఏదన్న మాట్లాడు. గోపమ్మా?"

"ఏం మాట్లాడాలె మేడం? అడిగితే బిడ్డ మాట ఎత్తి ఏడుస్తడని అడగలే. అంగడి నుంచి వచ్చిన నాడే, కూలిన రేకుల కింద రంపంపొట్టు ఎత్తి పొయ్యిల ఏసింది నేనే."