గుర్రం పేరు పెట్టిన మెయిల్

కరకోల్ అనే ఊళ్లో గెస్ట్‌హౌస్ నడిపే బావా, అతని బావమరిదీ పొద్దున్నే టీ ముందేసుకుని కూర్చున్నారు. ఎవరూ తాగట్లేదు.

"దొంగెవడో నా మెయిల్లో దూరి, నన్నే బయటికి నెట్టేశాడ్రా. అతిథుల పాస్‌పోర్టు ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి."

"పాస్‌వర్డ్ ఏం పెట్టావు బావా?"

"జీర్దె."

"నీ గుర్రం పేరా! ఏ పెళ్లికెళ్లినా దాని గొప్పలే చెప్తావుగా. ఊళ్లో గొర్రెలక్కూడా తెలుసు."

"ఏడిశావ్లే. ఏం చెయ్యాలో చెప్పు."

"అక్క మెయిల్ నుంచి అందరికీ రాయి, నా పేరుతో దొంగ రాస్తున్నాడు, నమ్మొద్దని."

"రాత్రే రాశాన్రా. ఏటా వచ్చే జర్మనీ ముసలావిడ జవాబిచ్చింది."

"ఏమంది?"

"'తన పేరుతో దొంగ రాస్తాడని గెస్ట్‌హౌస్ ఆయన నిన్ననే తన సొంత మెయిల్ నుంచి చెప్పాడు. ఆ దొంగవి నువ్వేగా? నా పాస్‌పోర్టు ఫొటో ఏం చేశావ్?' అంది."