మబ్బుకు కుచ్చులు పెట్టిన పీర్ బాషా

కూచో శివలీలమ్మా, ఆ పక్క బెంచీ ఊగుతాది, ఇటుపక్క కూచో. పరమేషూ, అమ్మకి ఒక టీ పెట్టప్పా, చక్కెర తక్కువ. ఈయప్ప పెద్ద ఈరన్న, టమేటా రైతు, పొద్దున మార్కెట్లో గంపలు దించినాడంటే ఇంక మధ్యాహ్నం దాకా ఈ టీకొట్టు కాడే. నువ్వేంటికి వచ్చినావో వీళ్లకి తెలుసులే, పత్తికొండలో యాడ దాగుతాయి ఇట్లాంటి మాటలు. మీ ఆడోళ్ల పొదుపు సంఘానికి కుట్టుమిషన్లు పది వచ్చినాయి, నేర్పించే మనిషి కావల్ల, ఎవరో పీర్ బాషా పేరు చెప్పినారు, వాని పనితనం ఎట్లుంటాదో చూద్దామని వచ్చినావు. మంచి పని చేసినావు, ఆ బాషాని నేనే. రెడీమేడ్ అంగళ్లు వచ్చినాక నా టైలరు కొట్టు గడప తొక్కే మనిషి లేడు. ఈ పని దొరికితే నా మిషను నా ఇంట్లో ఉంటాది, దొరక్కపోతే వచ్చే వారం పాత సామాన్లు కొనేవానికి ఇచ్చేస్తానని ఇంట్లో చెప్పేసినా. ముప్పై ఏండ్లు నా కాలికింద తిరిగిన మిషనమ్మా అది, ఇచ్చేయల్లంటే పేగు తెగినట్లుండాది. అట్లని జాలిపడి పని ఇయ్యొద్దు. నా సంగతి విను, విని ఇయ్యి.

మొదట చిన్నదే చెప్తా. మంత్రాలయం దోవలో ఒక పల్లె నుంచి పెండ్లికూతురి మేనత్త వచ్చింది, ఉరుకుతా వచ్చింది పాపం, చేతిలో పట్టుగుడ్డ, సాయంత్రానికి రైక కావల్ల. నలుగురు టైలర్లు మాతో కాదని పంపించినారంట, ఎందుకంటే ఆ గుడ్డ మిషను మీద పెడితే నిలవదు, అట్ల జారతాది ఇట్ల జారతాది. నేనేం చేసినానో తెలుసునా? పల్చని తెల్లకాగితం తెచ్చి గుడ్డ కింద పెట్టినా, రెండిటినీ కలిపి కుట్టినా, కుట్టినాక కాగితం చింపి పారేసినా. కుట్టు గీత గీసినట్ల వచ్చె. గుర్తులు పెట్టేదానికి కూడా చాక్‌పీసు ముట్టలే, అరిగిపోయిన స్నానం సబ్బు ముక్కతో గీసినా, ఒక్క తడికి పోతాది, మరక ఉండదు. ముహూర్తానికి గంట ముందే రైక పెండ్లికూతురి ఒంటి మీద ఉండె.

"ఇంతవరకు నమ్మొచ్చులే బాషా."

నమ్మొచ్చు కాదు ఈరన్నా, నమ్మల్ల. నువ్వు టమేటా తప్ప ఏం చూసినావు. ఇంకా మొదలే పెట్టలేదు నేను.

ఆ రైక ముచ్చట ఊర్లు దాటి బనగానపల్లె దాకా పోయింది. ఆడ ఒక మామిడితోట ఆసామి నన్ను వెతుక్కుంటా వచ్చె, ఏమప్పా బాషా, కాయల్ని ఈగ కుడతాండాది, ఒక్కొక్క కాయకి ఒక గుడ్డసంచి కావల్ల, ఎన్ని దినాల్లో ఇస్తావు అనె. ఎన్ని కాయలప్పా అంటే, తోటంతా అనె. నేను ఆలోచన చేసినా. సంచి ఈడ కుట్టి, ఆడికి మోసి, మళ్లా చెట్టెక్కి తొడిగి, మూతి కట్టి, ఇన్ని పనులు ఏంటికి, కాయకే నేరుగా కుట్టేస్తే పాయె గదా. మిషను తల ఊడదీసి భుజాన పెట్టుకొని చెట్టెక్కినా. అంచు మడిచే ఫుట్టు ఒకటుంటాది చూడమ్మా, సూది కాడ బిగిస్తే గుడ్డని అదే మడుచుకొని పోతాది, మనం చేత్తో మడిచే పనే లేదు, మీ సంఘంలో అందరికీ మొదట కొనియ్యాల్సింది అదే. దాన్ని చూసి సైకిల్ పుల్ల వంచి నేనొకటి పెద్దది చేసుకున్నా. గుడ్డ కొస దాంట్లో పెడితే చాలు, కాయ చుట్టూ తిరిగి మడత పెట్టుకొని వచ్చేది, నేను పక్క కాయకి పోయేవాణ్ని. ఒక్క పూటలో నాలుగు వేల కాయలు. ఒక్కొక్క సంచికి కాజా కుట్టి గుండీ కూడా పెట్టినా. ఇప్పటికీ ఆ తోట కాయల్ని గుండీ విప్పుకొని తింటారు.

"చెట్టు మీద మిషను తొక్కింది ఎవరన్నా?"

నువ్వు టీ కలిపేదాంట్లో ఎంత తెలివిగలవానివో అడిగేదాంట్లో అంత తక్కువ పరమేషూ. తొక్కేదేంటికి? గాలికి కొమ్మ ఊగుతాది గదా. చక్రం బెల్టు తీసి ఆ కొమ్మకి కట్టినా. గాలి గట్టిగా వస్తే కుట్టు సన్నం, మెల్లగా వస్తే కుట్టు లావు, గాలి నిలిచిపోతే నేను కిందికి దిగి ఒక టీ తాగి వచ్చేవాణ్ని. కోతులు గుంపు గుంపు వచ్చినాయి, గుండీ తీయడం రాక తలకాయలు గోక్కుంటా వెనక్కి పోయినాయి.

ఆ తర్వాత ఏమయిందో తెలుసునా? ఆ ఏడాది వాన మొహం చూపించలే. ఈ ఈరన్న చేను నల్లరేగడి, నిలువునా నెర్రెలు పడింది, ఒక్కొక్క నెర్రెలోకి మేక దిగితే కొమ్ములు కూడా కనపడవు.

"నా చేనా? నాకు తెలియకుండానా?"

నువ్వు ఆ పొద్దు నీ బామ్మర్ది ఊర్లో ఉండావులే. నేను ఆ దోవన పోతా చూసినా. చిరిగిన గుడ్డని చూసి టైలరు పక్కకి పోతాడా? పోడు. గడ్డపారకి కొసన తూటు వేయించి సూది చేసుకున్నా. ఆదోనిలో దారం రీలు ఒకటి చెప్పి చేయించినా, అది ట్రాక్టర్ ట్రాలీలో పట్టక వెనక తలుపు ఊడదీయల్సి వచ్చె. సూదిలో దారం ఎక్కించడం కూడా ఒక పనే, కొసని అడ్డంగా తెంపకూడదు, ఏటవాలుగా కోయల్ల, కొంచెం మైనం రాయల్ల, అప్పుడు ఒక్క దెబ్బకి పోతాది, ఇది రాసుకో శివలీలమ్మా. నెర్రె ఈ గట్టునీ ఆ గట్టునీ దగ్గరికి లాగి కుట్టుకుంటా పోతాండా. సగం కుట్టినాక మతికొచ్చింది, మొత్తం మూసేస్తే రేపు వానొస్తే నీళ్లు లోపలికి ఎట్ల పోవల్ల?

"ఎట్ల పోవల్ల బాషా, నా చేనికి?"

జిప్పు పెట్టినా ఈరన్నా. నవ్వొద్దు. జిప్పు కుట్టేదానికి ఒంటికాలి ఫుట్టు ఒకటుంటాది, రెండో పక్క ఉండదు, అందుకని సూది జిప్పు పండ్లని ఆనుకొని పోతాది, మామూలు ఫుట్టుతో కుడితే జిప్పు పక్కకి పోయి వంకర అవుతాది. నాగలికి ఒక పక్క కోసేసి నేను ఆ ఫుట్టు చేసుకున్నా. పండ్లకి బేతంచెర్ల నాపరాళ్లు కొట్టించినా. పొద్దున ఎద్దులు ఒకసారి లాగితే చేను తెరుచుకుంటాది, మంచు పట్టుకుంటాది, ఎండెక్కేముందు మళ్లా లాగితే మూసుకుంటాది, తేమ బయటికి పోదు. ఆ ఏడాది ఈరన్న చేన్లో మాత్రమే పచ్చగ ఉండె. తన భక్తి వల్ల అనుకున్నాడు ఈయప్ప, నేను కూడా పోనీలే అని ఊరకుండినా.

"మబ్బుల మీదికి పోలేదా ఇంకా?"

పోతాండా పరమేషూ, తొందరపడొద్దు, పోకుండా ఎట్లుంటాను. జిప్పు తెరిచి పెట్టుకొని కూచున్నా, వాన రావల్ల గదా. ఒక పొద్దు ఆదోని వైపు నుంచి నల్లగా మబ్బు లేచింది. ఇంత మబ్బు నా జన్మలో చూడలే. చూస్తే అది నిలిచే మబ్బు కాదు, కడపకి పోతాండాది, పత్తికొండ మీద దాని కొంగు మాత్రమే ఆనుతాది. నాకు రోషం వచ్చింది. కడపోళ్లు మంచోళ్లే, నా తోడల్లుడు ఆడే ఉండాడు, అయినా మేం మాత్రం ఏం పాపం చేసినాము? మిషను ఎత్తుకొని కొండెక్కినా. కుచ్చులు పెట్టే ఫుట్టు తెలుసునా మీకు? చంటిపిల్లల లంగాలకి వాడతారు, నాలుగు మూరల గుడ్డ లోపలికి పోతే మూరెడు కుచ్చులు బయటికి వస్తాయి. దాన్ని బిగించినా. మబ్బు కొంగు కొండకి తగలంగానే గుండుసూదులు గుచ్చి నిలబెట్టినా, ఫుట్టు కింద పెట్టినా, తొక్కినా చూడు, అరికాళ్లు బొబ్బలెక్కినాయి, సూది కాలి ఎర్రగ అయిపాయె. మబ్బు కుచ్చులు కుచ్చులుగా దగ్గరికి వస్తాండాది. తల కడపలో ఉన్నదీ, తోక ఆదోనిలో ఉన్నదీ, రెండూ వచ్చి పత్తికొండ మీద కుప్ప పడినాయి. మూడు దినాలు వాన. హంద్రీ నది పొర్లింది. కడప నుంచి తోడల్లుడు ఫోను చేసి ఒకటే ఏడుపు, ఏమన్నా బాషన్నా, మా ఆకాశంలో ఒక్క నూలుపోగు లేకుండా చేసినావు అని.

మనం మరీ అంత పాపాత్ములం కాదు గదా. నాలుగో దినం కొండెక్కి కుట్టు విప్పినా. విప్పేది కూడా తెలియల్ల, దారం పట్టి ఇష్టమొచ్చినట్ల గుంజితే గుడ్డ చిరుగుతాది. కుట్టు విప్పే పుల్లతో నాలుగు కుట్లకొకటి తెంపుకుంటా పోయి, వెనక్కి తిప్పి లాగితే దారం మొత్తం ఊడి చేతికొస్తాది. అట్ల విప్పి, మబ్బుకి ముడతలు పడింటే ఇస్త్రీ చేసి, మర్యాదగా కడపకి పంపించినా. మామిడితోట కాన్నుంచి మబ్బు దాకా అమ్మా, నా మిషను ఒక్కసారి ఆగలే, దారం ఒక్కసారి తెగలే. ఇంక చెప్పు. నీ పదిమంది ఆడోళ్లకి ఇంతకంటే పనివాడు యాడ దొరుకుతాడు?

"అంతా బాగుండాది బాషన్నా. పైదారం రీలు ట్రాక్టర్లో వచ్చింది, సరే. కింద బాబిన్ ఎన్నిసార్లు మార్చినావు?"

బాబినా శివలీలమ్మా?

"పైన రీలు ఎంత పెద్దదైనా పెట్టుకో. కింద బాబిన్లో చుట్టిన దారం పైదారాన్ని పట్టుకుంటేనే కుట్టు, అది రెండు రైకలకి వస్తే ఎక్కువ. అది అయిపోతే మిషను ఆగదు, సూది పొడుస్తానే ఉంటాది, గుడ్డకి తూట్లు పడతాయి గానీ కుట్టు పడదు. నువ్వు మామిడితోట కాన్నుంచి ఒక్కసారి కూడా బాబిన్ మార్చలేదన్నా. నీ దారం ఎప్పుడో అయిపోయింది, నువ్వు ఊరికే తొక్కుతాండావు."

నవ్వుకోండప్పా, నవ్వుకోండి. ఈరన్నా, దగ్గొచ్చేలాగ నవ్వొద్దు, మెల్లగ నవ్వు. పరమేషూ, నీ పాలు పొంగి పొయ్యిలో పోతాండాయి, ముందు అది చూసుకో.

నన్ను ఈ మాట ఇంతవరకు ఒక్కరూ అడగలేదమ్మా. ఎన్ని ఊర్లలో చెప్పినానో ఈ మబ్బు సంగతి. ఈ పని నాకు దొరకదని అర్థమయింది, పోనీ, అడిగినావు కాబట్టి ఉన్నది చెప్పి పోతా. బాబిన్ చూసుకోకుండా నేను నిజంగానే కుట్టినా. ఒకసారి.

మా దర్గా ఉరుసుకి షామియానా. పెద్దది, తెల్లగుడ్డ, తెల్లదారం. ఉమర్ అని మా పక్కింటాయన వచ్చి కూచున్నాడు, నేను వానికి ఈ మామిడితోట కథే చెప్తా తొక్కుతాండా. వాడు నవ్వుతాండాడు, నాకు ఊపొచ్చింది. బాబిన్ యాడ అయిపోయిందో నాకు తెలియదు. పైదారం గుడ్డ మీద పడుకొని ఉంటే కుట్టే అనుకున్నా, చేత్తో తడిమి చూడలే. ఇరవై మూరలు వట్టిగా పోయింది. ఉరుసు దినం జనం అన్నానికి కూచున్నారు, గాలి లేచింది, షామియానా నడిమికి విడిపోయి అందరి మీద పడింది. నా పెండ్లాం జులేఖా బీ వడ్డిస్తాండె, దాని చేతిలో పప్పు గిన్నెతో సహా గుడ్డ కింద పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అల్లా దయ. ఎవరూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనలేదు గానీ ఆ తర్వాత పని ఇయ్యలేదు. రెడీమేడ్ అంగళ్లు అంటాండా గానీ తల్లీ, అవి తర్వాత వచ్చినాయి. నా కొట్టు ఖాళీ అయింది ఆ దినం నుంచే. మిషను ఏ తప్పూ చేయలే, నోరు చేసింది. ఇప్పుడు చంటిపిల్ల గౌను కుట్టినా సరే, మూరకొకసారి ఆపి, గుడ్డ కింద వేలు పెట్టి చూసుకుంటా.

అదీ సంగతి. పోయొస్తానమ్మా.

"కూచోన్నా, యాడికి పోతావు? మావోళ్లు పదిమంది ఒకచోట కూచుంటే చేతులకంటే ముందు నోళ్లే నడుస్తాయి. ఇంతసేపు నువ్వు చెప్పిందాంట్లో వాళ్లకి అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఇదే. సోమవారం పొద్దున పది గంటలకి రా, వచ్చి మొదటి పాఠం ఈ షామియానాదే చెప్పు."