కోడూరు కరకట్ట

1939 నవంబరు. బందరు కాలవ రేవులో పడవ కోసం నిలబడ్డ కోడూరు రైతుకి, ప్లీడరు గుమాస్తాగా ఉన్న బావమరిది ఎదురయ్యాడు.

“మద్రాసులో మన మంత్రులంతా రాజీనామా ఇచ్చారు బావా. వాళ్ళు ఒప్పుకున్న మన కరకట్ట ఇక లేనట్టే.”

“అదేంటి? ఇంజనీరు వచ్చి కొలుచుకెళ్ళాడుగా!”

“యుద్ధంలో మనమూ ఉన్నామని ఢిల్లీలో తెల్లదొరలు ప్రకటించేశారు. మనవాళ్ళని ఒక్క మాటైనా అడగలేదు. ఇంక ఆ కుర్చీల్లో ఎలా కూర్చుంటారు?”

“నిజమే, నేనైనా కూర్చోను. మరి కట్ట కోసం ఎవర్ని అడగాలి?”

“ఇప్పుడు పెత్తనమంతా గవర్నరుది. ఆయన ఢిల్లీ మాటే వింటాడు.”

“సముద్రం పొంగి పిల్లాడు కొట్టుకుపోయాక, కట్ట పడితేనే కాపురానికొస్తానని మీ అక్క మొవ్వలో పుట్టింట్లోనే ఉండిపోయింది. కట్ట వేస్తున్నారు, వచ్చేయమని మొన్ననే కబురు పెట్టాను.”

“అక్క బట్టలు సర్దుకుని నీకోసమే చూస్తోంది బావా.”



“నువ్వే వెళ్ళి చెప్పరా. నావల్ల కాదు.”