రాతిలో పలికిన మద్రాసు

బద్వేలు బస్టాండు కాడ గంగక్క టీ అంగట్లో ప్రేమయ్య గొంతెత్తినాడు.

"టీలో చక్కెర తక్కువేసినా పర్వాలేదు గంగక్కా, నేను చెప్పేది మాత్రం బాగా ఇను. సైన్సు అయ్యవారు సాయంత్రం బెల్లు కొట్టినాక పిల్లోళ్లను ఇస్కూల్లోనే ఆపుకోని రేడియో చేపిస్తాండాడు గదా, అది చేసింది పిల్లోళ్లు కాదు, ఈ ప్రేమయ్య! మా పాప జ్ఞానమణి పక్కన కూర్చోని చూస్తాండె, అంతే. వెదురు గొట్టానికి రాగి తీగ నూరు చుట్లు చుట్టి, తళుక్కుమనే రాయొకటి పెట్టి, దాని మీద సూది మోపితి. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఆ తర్వాత ఏమాయనో తెలుసా? రాయి పాడెనప్పా! మద్రాసులో ఎవరో తల్లి పాడతాంటే, ఆ పాట ఈడ బద్వేల్లో, నా చేతిలో!"

"రాయా?" బల్ల మీద కూర్చోనుండిన చిన్న ఈరన్న బీడీ ఆర్పేసినాడు.

"రాయేనప్పా, ఒట్టు! ఒళ్లంతా జలదరించె. ఊరంతా ఇన్న్యారు. మేకలు మేత ఇడ్సిపెట్టి తలకాయలెత్తి నిలబడె. సూది రవ్వంత జరిపితే ఢిల్లీ, ఇంకా రవ్వంత జరిపితే లండను. ఆడుండే దొర, 'ఏం ప్రేమయ్యా, వానలు పడినాయా' అని అడిగె. 'యాడ పడె దొరా, శెనిక్కాయ చేన్లన్నీ ఎండిపాయె' అంటి. అయ్యో పాపమని లండను వానలో సగం ఈపక్కకు తోలె!"

"ఆ వాన నేను చూళ్లేదే?" అన్న్యాడు ఈరన్న.

"నువ్వు సంతకు పోయింటివి లే. ఆ తర్వాత ఏమాయనో తెలుసా? మొన్న రష్యావోళ్లు భూమి చుట్టూ తిరగమని ఆకాశానికి ఎగరేసిన గుండు లేదూ, అది పోతాంటే సూదిమొనతో పట్టుకుంటి! బద్వేలు నెత్తిన కదలకుండా నిలబడిపాయె. 'ఇడువు ప్రేమయ్యా, ఇడువు' అని వాళ్లు ఒకటే మొర. పోనీలే పాపమని ఇడిస్తి."

గంగక్క టీ గిన్నె దించింది.

"ఊరంతా ఎట్ల ఇన్న్యారు ప్రేమయ్యా? దానికుండేది ఒకటే చెవిగొట్టం. ఎవరి చెవికి పెట్టుకుంటే వాళ్లకే ఇనపడతాది. నీ బిడ్డ ఆపొద్దు నా చెవికి పెట్టె. చీమ పాడినంత సన్నంగా వచ్చె పాట. నాకు కండ్లలో నీళ్లు తిరిగె. ఎక్కాల్లో సున్నా తెచ్చుకునే పిల్ల, ఆ తీగ చుట్లు లెక్కబెట్టీ లెక్కబెట్టీ ఇప్పుడు లెక్కల్లో అందరికంటే ముందుండాది. అట్లాంటిదాన్ని నాలుగు దినాల్నుంచి బెల్లు కొడితే సాలు మేకలెంబడి తోల్తాండావంట. నువ్వెప్పుడైనా ఆ గొట్టం చెవికి పెట్టుకున్న్యావా?"

ప్రేమయ్య గ్లాసు బల్ల మీద పెట్టినాడు.

"లేదక్కా. 'ఒక్కసారి ఇను నాయనా' అని ఎంబడి పడె. పనుండాది పో అంటి."

ఎవరూ నవ్వలేదు.

"అయ్యవారు పొద్దుగూకేదాకా ఇస్కూల్లోనే ఉంటాడు గదా?" అంటా లేచినాడు ప్రేమయ్య. సగం టీ అట్లనే ఇడ్సిపెట్టి, జ్ఞానమణి మేకలు మేపుతాండే మిట్ట తట్టు పరిగెత్తినాడు.