సరంగు కాపలా

చేపల వేటకు పోయిన పడవ మునిగిన వారానికి, బోగోలు సముద్రం ఒడ్డున ఆకలితో పడివున్న కుక్కను టీచరమ్మ ఇంటికి తెచ్చుకుంది. మూడు నెలలైనా అది తనతో తెచ్చుకున్న పాత చొక్కాను వదల్లేదు. ఈ పొద్దు ఆ చొక్కా కోసమే, పడవతో పోయిన దాని యజమాని భార్య వచ్చింది.

“ఇంట్లో ఆయన చొక్కాలు వేరేవి లేవామ్మా?”

“అన్నీ ఉతికినవే టీచరమ్మా. శవం దొరకలేదు గదా, రేపు దర్భలతో బొమ్మ చేసి కాలుస్తారు. ఆయన చెమట తగిలిన గుడ్డ కప్పాలంటున్నారు పెద్దలు.”

“నేనూ తీసేయాలని చూసినా. కొత్త దుప్పటి వేసినా, చేప ముక్క పెట్టినా. ముట్టుకుంటే గుర్రుమంటుంది.”

“అది కాపలా కాస్తా ఉంది. వేటకు పోయేటప్పుడు ఆయన చొక్కా విప్పి దాని ముందర పెట్టి పోతాడు. తిరిగొచ్చి పిలిస్తేగానీ ఇవ్వదు.”

“ఏమని పిలుస్తాడు?”

ఆమె గొంతు బొంగురు చేసుకుని, మగమనిషిలా పిలిచింది.

“వచ్చినాన్రా సరంగూ.”

కుక్క చొక్కా వదిలేసి లేచింది. ఆమెను దాటుకుని గేటు దగ్గరికి ఉరికి, సముద్రం దారికేసి చూస్తూ తోక ఊపసాగింది.

“ఒక్క మాటకే వదిలేసింది చూడు. ఇదిగో, తీసుకోమ్మా.”

ఆమె చెయ్యి చాపలేదు. కుక్కనే చూస్తోంది.

“రేపటితో నాకు ఆయన లేనట్టే టీచరమ్మా. దానికి మాత్రం ఇప్పుడే వచ్చినాడని చెప్తిని గదా.”