బెల్టు కట్టుకోమన్న గొంతు

హలో… ఆఁ, నేనే, మాహ్‌తాబ్‌నే. ఎవరూ?… తోర్యాలైవా. ఏం నాయనా, కాబూల్ విమానాశ్రయం నుంచి నాకు ఫోనా? ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం మానేసి ముసలిదాన్నయిపోయాను కదా…

ఏమిటీ, నా గొంతా?… విమానంలో 'బెల్టు కట్టుకోండి' అని రికార్డులో వినిపిస్తుందే, అదా?… తీసేయమన్నారా. ఎవరు?… కొత్త అధికారి హాజీ సాహెబా. ఊఁ… ఆడగొంతు నలుగురికీ వినపడకూడదు, అంతేగా…

మరి ఇన్నాళ్లూ?… ఆయన కూడా అవే విమానాల్లో తిరిగారుగా? నేను కట్టుకోమంటే కట్టుకున్నారుగా?… సరే సరే, మెల్లగానే మాట్లాడతాను. ఆ గదిలోనే ఉన్నారా?…

బాధా?… ఉండదూ మరి. తోటివాళ్లంతా అవే విమానాలెక్కి తలో దేశం పోయారు. నేను ఇంట్లో మూల కూర్చున్నా, నా గొంతయినా రోజూ హెరాత్ దాకా వెళ్లొస్తోంది కదా అనుకునేదాన్ని. నాకు మిగిలింది అదొక్కటే…

పోనీలే, మార్చడం నాకు కొత్తా? రాజుగారి రోజుల్లో 'బిస్మిల్లా' అని దేవుడి పేరుతో మొదలుపెట్టాను. కామ్రేడ్లొచ్చి తీసేయమన్నారు, తీసేశాను… ఆఁ, విమానం కుదిపితే మాత్రం వాళ్లే 'బిస్మిల్లా' అని పైకి అనేవారు. తర్వాత ముజాహిదీన్లు మళ్లీ పెట్టమన్నారు, పెట్టాను. ఆ పైన వాళ్లలో వాళ్లే కొట్టుకుని విమానాలన్నీ బూడిద చేశారు. నా క్యాసెట్ ఒక్కటే అప్పట్లో అక్కడే పనిచేసే మీ నాన్న కోటు జేబులో బతికింది… అవును, పాపం, మహానుభావుడు… అమెరికావాళ్లొచ్చాక ఇంగ్లీషు ముక్క చేర్చమన్నారు. జెండా మారినప్పుడల్లా నన్ను పిలిచారు కానీ, బెల్టు మాట మాత్రం ఎవ్వరూ ముట్టుకోలేదు…

ఇకమీదట ఎవరు చదువుతారట?… నువ్వా? ఏదీ, చదువు… ఆగాగు. అది చెప్పడం కాదు, అరెస్టు చేయడం. జనం చేతులు పైకెత్తేస్తారు… మళ్లీ చదువు… ఊహూఁ. భయపడుతున్నవాళ్లకి చెబుతున్నావు నాయనా, అది గుర్తుపెట్టుకో…

నేనా? ఇప్పుడా?… ఆయన వింటే నీకే ముప్పు… బయటికెళ్తున్నట్టున్నారా? సరే, ఒక్కసారే. విను.

బిస్మిల్లా. ప్రియమైన ప్రయాణికులారా, మీకు స్వాగతం. ఇంకాసేపట్లో మన విమానం బయలుదేరుతుంది. దయచేసి కూర్చోండి. మీ బెల్టు కట్టుకోండి. కంగారు పడకండి…

హలో… తోర్యాలై?…  స్పీకరు పెట్టావా? అయ్యో, నా తండ్రీ… హాజీ సాహెబు విన్నారా? మరి ఏం చేస్తున్నారు?…

కూర్చున్నారా… ఆఫీసు కుర్చీలోనే?… రెండు చేతులతోనూ వెతుక్కుంటున్నారా?…

నువ్వు నవ్వకు, కొంప మునుగుతుంది… ఇక నా గొంతు తీసేసుకో నాయనా, నాకేం బెంగ లేదు. ఆయనకి మాత్రం మెల్లగా చెప్పు, ఆ కుర్చీకి బెల్టు ఉండదని. అంతకుముందు అందులో కూర్చున్నవాళ్లకీ లేదు… ఉంటాను.