లిఫ్టు మామయ్య కంప్యూటర్ ఎగిరిన వైనం

లిఫ్టు మామయ్య నోరు తెరిచాడంటే కథ కింది అంతస్తులో ఎక్కి, మధ్యలో ఎక్కడా ఆగకుండా డాబా మీదికి పోతుంది. డాబా దాటాక కూడా ఆయన మీట నొక్కుతూనే ఉంటాడు. ఉద్యోగమూ అదే మరి. కంప్యూటర్ కొట్లతో కిక్కిరిసిన పాత బిల్డింగులో, లిఫ్టు మూల స్టూలు వేసుకుని కూర్చుని, పొద్దస్తమానం జనాన్ని పైకీ కిందికీ మోస్తాడు. సాయంత్రం డ్యూటీ దిగాక ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చుని, తన కోతలు జనం చేత మోయిస్తాడు.

ఆ రోజు అందరికీ టీ ఇప్పించింది మేనకోడలు. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసువాళ్లకి ఆమె పరీక్షగా పంపిన ప్లాను నచ్చిందట, ఇంటి నుంచే పని చేసుకోమని మధ్యాహ్నం కబురొచ్చింది. ఆ ప్లాను గీసిందేమో మామయ్యా తనూ విడివిడిగా భాగాలు కొనుక్కుని ఇంట్లోనే బిగించుకున్న కంప్యూటర్ మీద. అందుకని నలుగురి ముందూ మామయ్యకి ఓ మంచి మాట చెప్పాలని, దారంతా ఆ మాటని మనసులో మడతపెట్టుకుంటూ వచ్చింది. వచ్చాక తెలిసింది, మామయ్య ఉన్నచోట మాట దూర్చడమంటే కదిలే లిఫ్టులోకి కాలు పెట్టడమేనని.

"మామయ్యా, ముందు నన్నొక్క మాట..."

"ఆగమ్మా, వీళ్లకి మొదటినుంచీ చెప్పాలి," అంటూ ఆయన చేతిలో అట్టముక్కతో విసురుకున్నాడు. ఆమె ఆ అట్టముక్కని గుర్తుపట్టింది. మదర్‌బోర్డు పెట్టె మూత! దానికోసం ఇల్లంతా వెతికింది తను.

"నేను చేసింది పెద్ద గొప్పేం కాదు. ప్రాసెసర్ ఎంచాను, అంతే," అన్నాడు మామయ్య, ఎంతో వినయంగా. "కొట్టువాడు గ్రాఫిక్స్ కార్డు కూడా అంటగట్టబోయాడు. 'బాబూ, బొమ్మ చూపించే సరంజామా లోపలే ఉన్న ప్రాసెసర్ ఇవ్వు, కార్డు సంగతి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు చూద్దాం' అన్నా."

అది అక్షరాలా మేనకోడలు అన్న మాట. అప్పుడు మామయ్య కొట్టు బయట ఆమె గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గ్లాసులో మొహం దాచుకుని నవ్వుకుంది.

"వాడు నాలుగు పెట్టెలు ముందు పడేశాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, బిస్కెట్లలాగా. ఏది మంచిదో ఎలా తెలియాలి? ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకున్నా. మూడు గురక పెడుతున్నాయి. నాలుగోది ఎక్కాలు చదువుతోంది!"

"కరెంటు లేకుండానేనా అన్నయ్యా?" అంది టీకొట్టు అక్క.

"మంచి పిల్లాడు కరెంటు పోతే చదువు మానేస్తాడా అక్కా? సరే, ఇక మదర్‌బోర్డు. ప్రాసెసర్‌కి సరిపడే బోర్డే కావాలి, చెప్పుల్లాగా, ఒకరివి ఇంకొకరికి పట్టవు. కొట్టువాడు చెప్పిన ధరకి నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. అయినా నేనేమన్నా అన్నానా? వాడు అన్నానికి కిందికి దిగాలిగా! ఎక్కాడు నా లిఫ్టు. రెండంతస్తుల మధ్య ఆపేశా. 'ఏమైంది మామా?' అన్నాడు. 'ఏం లేదు నాయనా, ధర దిగితే లిఫ్టు దిగుతుంది' అన్నా. వాడు కాస్త దిగాడు, నేనూ జానెడు దింపా. వాడు ఇంకాస్త, నేను ఇంకో జానెడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు తగ్గించీ తగ్గించీ, లిఫ్టు కింది అంతస్తు కూడా దాటి భూమిలోకి పోయింది! తలుపు తీస్తే నీళ్లు! మా బిల్డింగులో బోరు అలా పడిందే."

"పోన్లే, నీ బేరం వల్ల మాకు మంచినీళ్లు దొరికాయి," అన్నాడు తాళాలు బాగుచేసే తాత, నవ్వకుండా.

"ర్యామ్ మాత్రం పాతది తీసుకున్నాం, ఎవరిదో ఆఫీసు మూసేస్తే వచ్చింది. ర్యామ్ అంటే జ్ఞాపకశక్తి తాతా. అది ఒక్కటీ మరిచిపోలేదు! ఆన్ చేయగానే 'మేనేజరుగారు మీటింగులో ఉన్నారు, రేపు రండి' అంది. పక్కింటావిడకి పొయ్యి మీద పాలున్నాయని గుర్తుచేసింది. నీ కళ్లజోడు ఎక్కడుందో అడగనా?"

"నా ముక్కు మీదే ఉందిరా."

"చూశావా! అడక్కముందే చెప్పేసింది!"

మేనకోడలికి పొలమారింది. టీకొట్టు అక్క ఆమె నెత్తి మీద తడుతూ, "ఇంకా ఎన్ని అంతస్తులున్నాయమ్మా?" అని చెవిలో అడిగింది.

"పవర్ సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పనికిరాదన్నాను," అన్నాడు మామయ్య. "చవకబారుది పెడితే, అది పోతూ పోతూ పక్కవాళ్లనీ వెంట తీసుకుపోతుంది. ఇక వేగం సంగతి అంటారా, మా పిల్ల ఇల్లు గీద్దామని మౌస్ మీద చెయ్యి వేసే లోపు అది గోడలు లేపి, రంగులేసి, 'ఇల్లు అద్దెకివ్వబడును' అని బోర్డు కూడా తగిలించేసింది! మర్నాడు చూసుకుందామని ఒకాయన వచ్చి తలుపు కొట్టాడు."

నిజానికి అది మొదట్లో ఒక్క ప్లానూ పూర్తి చేసిన పాపాన పోలేదు. ఎండ ముదిరేసరికి లోపల వేడెక్కిపోయి, ప్లాను సగంలో ఉండగా టప్పున ఆగిపోయేది. భాగాలన్నీ బిగించిన పాత డబ్బాకి వెనకాల ఫ్యాను లేదు, ఉన్న డబ్బులన్నీ అప్పటికే ఊడ్చుకుపోయాయి. గడువు దగ్గరపడుతోంది. ఆమె మొహం చేతుల్లో దాచుకుని కూర్చుంటే, మామయ్య లేచి వెళ్లిపోయాడు. మర్నాడు అరచేతంత ఫ్యాను ఒకటి తెచ్చి, "కొట్టువాడు ఊరికే ఇచ్చాడు, నా మొహం చూసి" అన్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. ఫ్యాను మాత్రం టిక్కుటిక్కుమనేది. ఈ చప్పుడు ఎక్కడో విన్నానే అనుకుంది గానీ, ప్లాను ధ్యాసలో మరిచిపోయింది.

మామయ్య సరిగ్గా ఆ ఫ్యాను దగ్గరికే వచ్చాడు. బల్ల మీంచి లేచి నిలబడ్డాడు కూడా.

"ఆ ఫ్యాను ఉంది చూశారూ, అది మామూలు ఫ్యాను కాదు. రాకెట్లకి చేసింది, గాలి ఎక్కువైందని వాళ్లు వద్దన్నారు. బిగించి స్విచ్చి వేశానా, ముందు కర్టెన్లు లేచాయి. తర్వాత మంచం మీద దుప్పటి. ఎదురింటి మేడ మీద ఆరేసిన చొక్కాలన్నీ వరసగా ఎగిరి మా ఇంటికే వచ్చాయి, బటన్లు పెట్టుకుని మరీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటరే లేచింది! బల్ల వదిలి, కిటికీ దాటి పోతోంది. మా పిల్లేమో కీబోర్డు వదలదు, ప్లాను గీస్తూనే ఉంది! నేను ఒక్క దూకు దూకి వైరు పట్టుకున్నా. ముగ్గురం గాల్లో! మబ్బులు పక్కకి జరిగి దారిచ్చాయి. పైనుంచి ఊరంతా చూసి గీసింది కాబట్టే ప్లాను అంత చక్కగా కుదిరింది, లేకపోతే వాళ్లకి ఊరికే నచ్చుతుందా?"

"అన్నా, ఒక్క అనుమానం." అంతసేపూ మెళ్లో టేపు వేసుకుని మాట్లాడకుండా కూర్చున్న టైలర్ అడిగాడు. అతని కొట్టు బిల్డింగు పై అంతస్తులో. రోజూ మామయ్య లిఫ్టులోనే పైకెళ్లి, కిందికొస్తాడు. "ఆ రాకెట్ ఫ్యాను టిక్కుటిక్కుమంటుందా?"

"ఆ... అంటుంది. మబ్బుల్ని లెక్కపెడుతుంది."

"ఓ రెక్క అంచు విరిగి ఉంటుందా?"

మామయ్య చేతిలో అట్టముక్క ఆగింది.

"మరి మీ స్టూలు పైన తిరిగే ఫ్యానూ అలాంటిదే కదన్నా, కంప్యూటర్ కొట్టువాళ్లు ఎప్పుడో మీకు ఇచ్చింది. ఇప్పుడక్కడ రెండు వైర్లు వేలాడుతున్నాయి. ఆ ఇనప్పెట్టెలో అట్టముక్కతో విసురుకుంటున్నారేమిటా అని నేనూ అనుకుంటున్నా."

మేనకోడలు మామయ్య చొక్కా వీపుకేసి చూసింది. డ్యూటీ దిగి ఇంతసేపైనా ఇంకా తడి ఆరలేదు. పెట్టె మూత కోసం ఇల్లంతా వెతికింది గానీ, ఆ లిఫ్టులోకి మాత్రం తొంగి చూడలేదు తను.

"దిగండి దిగండి, కింది అంతస్తు వచ్చింది," అన్నాడు తాత, అచ్చం మామయ్య గొంతుతోనే, మెత్తగా.

"అబ్బే, నేనేం పీకలేదయ్యా," అన్నాడు మామయ్య. కూర్చోవడానికి బల్ల ఎక్కడుందో తడుముకున్నాడు. "అదే... దానంతటదే... ఎగురుకుంటూ వెళ్లింది."

నమ్మామని ఎవరూ అనలేదు, నమ్మలేదనీ అనలేదు. మేనకోడలు దారంతా మడతపెట్టి తెచ్చుకున్న మాట విప్పబోయింది. విప్పితే అది చాలా చిన్నదిగా కనిపించింది. లేచి వెళ్లి, మామయ్య చేతిలోంచి అట్టముక్క తీసుకుని, పక్కనే కూర్చుని విసరడం మొదలుపెట్టింది.

"అవును, నేను చూశాను," అంది అందరితో. "కిటికీలోంచే వచ్చింది. పాపం, ఎండలో అంత దూరం వచ్చిందేమో, ఒళ్లంతా చెమట. తుడిచి బిగించాను. అది రాకపోతే నా ప్లాను లేదు, ఈ ఉద్యోగమూ లేదు."

మామయ్య ఆమెకేసి చూసి, గ్లాసులోకి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఈ గాలికి ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందీ?" అన్నారు అందరూ ఒక్కసారే.

ఆయన నోరు తెరిచాడు. మబ్బులూ రాలేదు, రాకెట్లూ రాలేదు.

"ఏం లేదు," అన్నాడు. "హాయిగా ఉంది."

"ఇది మాత్రం నమ్ముతాం అన్నయ్యా," అంది టీకొట్టు అక్క, ఆయన గ్లాసు మళ్లీ నింపుతూ.